ఒకేవైపు తిరిగిన పొరలు

సోమవారం. దక్షిణపు గాలి.

గాలిమరలు రెండూ తిరుగుతున్నాయి. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. నాచు ఆరబెట్టే తెప్ప మీద ఒక తీగ ఉప్పు పట్టి తెగితే అతికించాను. వంటతెప్పలో పంపు మళ్ళీ మొరాయించింది. రెండు తిట్లు తిట్టి, కాస్త నూనె పోస్తే దారికొచ్చింది.

పాప ఏడ్చింది. నేనూ లోవా విన్నాం.

ఈ చివరి మాట కరెంటు చిట్టాలో రాయాల్సింది కాదు. అయితే ఈ తెప్పూరులో కరెంటు పనీ చెవి పలకల పనీ చూసేది నేనొక్కణ్ణే. చిట్టా రాసేదీ నేనే, చదివేదీ నేనే. కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్ళు లేరు.

మంత్రసాని ఎరకమ్మ మధ్యాహ్నం వచ్చేసరికి పాప గుడ్డ ఉయ్యాల్లో కందిపోయి ఉంది. నా భార్య లోవ ఆ పక్కనే కూర్చుని వల అల్లుతోంది. నేను తీగలు అతుకుతున్నాను.

“ఏటి బావూ, ఇద్దరికీ సెవులు పనిసెయ్యట్లేదేటి? ఎప్పట్నించి ఏడుత్తంది గుంట?”

“పొద్దుట్నించి,” అన్నాను.

“ఇనబడిందా?”

“ఇనబడింది.”

“మరి లెగలేదేటి?”

“లెగాలనిపించలేదు పెద్దమ్మా,” అన్నాను. లోవ కూడా అవునన్నట్టు తలూపి, వలలో ఇంకో ముడి వేసింది.

ఎరకమ్మ పాపని చేపల తక్కెడలో పెట్టి తూచింది. పుట్టిన రోజుకంటే బరువు తగ్గింది. నెల దాటని పిల్ల పెరగాలి గానీ తగ్గకూడదని ఆమె చాలాసేపు కేకలేసింది. మా ఊళ్ళో గట్టిగా మాట్లాడేది ఎరకమ్మ ఒక్కతే. తుఫాను అయిపోయాక వేరే ఊరి నుంచి వచ్చింది కాబట్టి ఆమె చెవి వెనక పలక లేదు. మిగిలిన అందరికీ ఉంది.

మంగళవారం. దక్షిణపు గాలి.

తుఫాను సంగతి ఈ చిట్టాలో ఎక్కడా లేదని ఇవాళ పాత పేజీలు తిప్పుతుంటే తెలిసింది. ఆ వారం పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఉంచడం పద్ధతి కాదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

సముద్రం మీద మా ఊరి తెప్పలన్నీ తాళ్ళతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి. బడికి విడిగా ఒక తెప్ప ఉండేది. తుఫానులో దాని తాళ్ళు తెగాయి. ఊళ్ళో పిల్లలందరూ అందులోనే ఉన్నారు. మా కొండబాబు కూడా ఉన్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు. తెప్ప దొరకలేదు.

తర్వాత ఎవరూ వల వెయ్యలేదు. ఎవరూ వండలేదు. తెప్పల అడుగున నాచు పట్టి ఊరు బరువెక్కి, కుంగడం మొదలైంది. పెద్దమనిషి పోలిరాజు గట్టుమీది వైద్యుల్ని పిలిపించి, ఊరందరికీ చెవి వెనక పలకలు పెట్టించాడు. ముంజేతికి పట్టీ, పట్టీ మీద గీతలు. గీత పెంచితే దుఃఖం తగ్గుతుంది. మర్నాటి నుంచే అందరం పనిలోకి దిగాం. ఊరు మునగలేదు.

ఇది రాస్తుంటే ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. అక్షరాలు చక్కగా వచ్చాయి.

బుధవారం. గాలి లేదు.

పాలివ్వడం మరిచిపోతున్నామన్నదే సమస్య అయితే దానికి మందు నా దగ్గరుంది. ఆరబెట్టే యంత్రం నుంచి గడియారపు మీట ఊడదీసి, ఉయ్యాల మీద ఎర్ర బల్బు వేలాడదీశాను. బల్బు వెలిగితే లోవ లేచి పాలివ్వాలి. బల్బు వెలిగింది. లోవ లేచింది. ఎంత ముచ్చటైన ఏర్పాటో ఎరకమ్మకి చూపించి మెప్పు కొట్టేద్దామనుకున్నాను.

ఆమె బల్బుని చూసింది. తర్వాత నన్ను చూసింది. “ఈ దీపం పాలిత్తాదా?” అంది.

లోవ పాపని పట్టుకున్న తీరు కూడా ఆమెకి నచ్చలేదు. తడిసిన వల మూట పట్టుకున్నట్టు పట్టుకుందట. పాప కాసేపు చీకి, పాలు రాక, అలిసి వదిలేసింది. ఎరకమ్మ లోవ రొమ్ము నొక్కి చూసింది.

“పాలున్నాయి. దిగట్లేదు. గుంట ఏడుపింటే తల్లికి లోపల గుంజాల. అప్పుడు దిగుతాయి. నీకు గుంజే సోటేదీ? రేకెట్టి మూసీసినారు.”

లోవ వల పక్కన పెట్టింది. “మావా, పలక తీసీ,” అంది.

“తియ్యడం నా వల్ల కాదు. పట్టీ సున్నాకి తిప్పగలను.”

“అయితే తిప్పు.”

“తిప్పితే కొండ సంగతంతా ఒక్కపాలి మీద పడుద్ది. ఇన్నాళ్ళదీ కలిపి.”

“తెలుసు.”

“తట్టుకోలేవేమో.”

“ఏమో మరి. ఇప్పుడైతే నాకు బయం కూడా నేదు కదా. ఇప్పుడే తిప్పీ.”

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. భయం లేనప్పుడే చెయ్యాల్సిన పని అది. పట్టీ సున్నాకి తిప్పాను. ముగ్గురం ఎదురుచూశాం. ఎరకమ్మ లోవ భుజం పట్టుకుని కూర్చుంది. పాప మూలుగుతోంది.

“ఏమైనా తెలుత్తందా?” అని అడిగాను.

“ఏటీ నేదు,” అంది లోవ, మళ్ళీ వల అందుకుంటూ.

పడవ దిక్సూచి తెచ్చి ఆమె చెవి దగ్గర పెట్టాను. పట్టీ సున్నాలో ఉంటే ముల్లు ఉత్తరం చూడాలి. అది లోవ తలవైపు తిరిగి నిలబడింది.

గురువారం. గాలి లేదు. మరలు ఆగి ఉన్నాయి.

ఎరకమ్మ అసలు ఏమైందో చెప్పమని కూర్చుంది. చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

పలకలో రెండు పొరలుంటాయి, ఒకదాని మీద ఒకటి, కంటికి ఆననంత పల్చన. ఒక్కో పొరా ఒక అయస్కాంతం. ఊరికే వదిలేస్తే ఆ రెండూ పడని తోడికోడళ్ళలా చెరోవైపు తిరిగి ఉంటాయి. దీని బలాన్ని అది కొట్టేస్తుంది, బయటికేమీ తెలియదు. పట్టీ నుంచి వోల్టేజీ పెడితే రెండూ ఒకేవైపు తిరుగుతాయి. అప్పుడు ఆ బలం తలలోకి దిగి దుఃఖాన్ని అణిచేస్తుంది. అణిగేది దుఃఖం ఒక్కటేనని వైద్యులు చెప్పారు. అది విడిగా ఉండే గదేదీ తలలో ఉన్నట్టు లేదు.

వారానికోసారి కాసేపు వోల్టేజీ తీసేసి, కొద్దిగా వెనక్కి కూడా పెట్టి, పొరలకి విశ్రాంతి ఇవ్వమని కూడా వాళ్ళు చెప్పారు. మొదటి వారం ఇచ్చాం. వంటతెప్ప మీద అన్నం మాడిపోయింది. వలలు లాగేవాళ్ళు తాళ్ళు వదిలేసి పడి ఏడ్చారు. గంగయ్య బడి తెప్ప కట్టి ఉండే చోటికి వెళ్ళి, నీళ్ళలోకి నడుచుకుంటూ దిగిపోయాడు. నలుగురు దూకి బయటికి లాగారు.

ఆ సాయంత్రం పోలిరాజు ఊరిని కూర్చోబెట్టాడు. ఉప్పుగాలిలో ఆగిన యంత్రం మళ్ళీ తిరగదని మాలో ప్రతివాళ్ళకీ తెలుసు. పంపు ఆపం, మర ఆపం, ఆఖరికి పని లేని మోటారుని కూడా ఊరికే తిప్పుతూనే ఉంటాం. పలకని మాత్రం ఎందుకాపాలి, తుప్పు పట్టించుకోవడానికా అన్నాడు. అందరికీ సబబుగా తోచింది. మళ్ళీ ఎప్పుడూ ఆపలేదు.

ఆపకుండా ఉంచగా ఉంచగా, పొరల మీద ఉండే గాజులాంటి పూతలో విద్యుత్తు ఇరుక్కుపోయింది. ఇప్పుడు పట్టీ సున్నా అన్నా లోపల ఇరుక్కున్నది ఒప్పుకోవడం లేదు. పొరలు రెండూ ఒకేవైపు చూస్తూ ఉండిపోయాయి.

“ఊరందరికీనా?” అంది ఎరకమ్మ.

దిక్సూచి పట్టుకుని ఊరంతా తిరిగాను. ఊరందరికీనే. పోలిరాజు తాడు పేనుతూ చెవి నాకు అప్పగించాడు. ముల్లు అతని వైపే తిరిగింది.

“అయితే పట్టీలు తీసీసినా పర్లేదన్నమాట. బ్యాటరీ మిగులుద్ది,” అన్నాడు.

“మా పాప బరువు తగ్గిపోతంది,” అన్నాను.

“అయ్యో,” అన్నాడు. అయ్యో ఎక్కడ అనాలో మా ఊళ్ళో ఎవరూ మరిచిపోలేదు.

శుక్రవారం. తూర్పుగాలి, జోరుగా.

మరలు బాగా తిరుగుతున్నాయి. బ్యాటరీలు మళ్ళీ నిండాయి. పాప ఏడవడం మానేసింది. పరిస్థితి మెరుగుపడింది.

పై వాక్యం ఎరకమ్మకి చదివి వినిపించాను. ఆమె నా చేతిలోంచి చిట్టా లాగి నేలకేసి కొట్టింది.

“మెరుగేటి మెరుగు? ఏడిసే ఓపిక నేక మానీసింది. నీ బుర్రలో ఏటెట్టినార్రా నాయనా.”

ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి ఇద్దరు ముగ్గురు గుమ్మం దాకా వచ్చి, కాసేపు నిలబడి వెళ్ళారు. తర్వాత ఆమె గంజినీళ్ళలో దూది ముంచి పాప పెదవుల మీద పిండింది. కొంత లోపలికి పోయింది, ఎక్కువ చెంప మీదుగా కారింది. పాల కోసం ఇంకో బాలింత దగ్గరికి పంపుదామంటే తుఫాను తర్వాత ఊళ్ళో పుట్టిన మొదటి బిడ్డ ఇదే. గట్టుకి తీసుకెళ్దామంటే మొన్నా నిన్నా తెరచాపకి గాలి లేదు, ఇవాళ ఈ తూర్పుగాలికి సముద్రం పడవని ఒప్పుకోదు. గాలి తగ్గేదాకా ఈ పిల్ల ఆగదని ఎరకమ్మ తేల్చి చెప్పింది.

ఈ పిల్ల పోతే నాకేమీ అనిపించదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా ఏమీ అనిపించడం లేదు. కానీ ఇది తప్పు అని మాత్రం లెక్క కట్టినట్టు తెలుస్తోంది. వోల్టేజీ తేడాగా ఉంటే బాగుచెయ్యాలని ఎలా తెలుస్తుందో అలాగే. నా దగ్గర ఉన్నది అంతే కాబట్టి దాంతోనే పని మొదలుపెట్టాను.

శనివారం. తూర్పుగాలి.

ఇరుక్కున్న విద్యుత్తుని బయటికి తోలాలంటే పట్టీ ఇవ్వగలిగినదానికంటే ఎక్కువ వోల్టేజీ, వెనక్కి పెట్టాలి. బ్యాటరీలు కొన్ని వరసగా కలిపి, పట్టీ తీగలు తిరగేసి కట్టాను. లోవ మీద చేసేముందు నా మీద చేసి చూడాలనుకున్నాను. ఇందులో త్యాగమేమీ లేదు. పనికొచ్చే పలక ఆమెది, నా దగ్గర పాలు లేవు.

ఎరకమ్మ దిక్సూచి పట్టుకుంది. నేను గీత తర్వాత గీత తిప్పుకుంటూ పోయాను. ముల్లు కొద్దిగా ఊగింది. ఊగింది కదా అని తొందరపడి ఒకేసారి పెంచాను. చెవి వెనక చిటుక్కుమంది. వెంట్రుక కాలిన వాసన వచ్చింది.

ముల్లు వెనక్కి వచ్చి నా తలవైపు నిలబడింది. తర్వాత ఎటు తిప్పినా, ఎంత పెట్టినా కదల్లేదు. పూత చిల్లుపడి పొరలు వోల్టేజీకి అందకుండా పోయాయి. ఇక వాటిని తిప్పేది ఏదీ లేదు.

“నీది పోనాదా?” అని అడిగింది లోవ.

“పోయింది.”

“మరి నాదెప్పుడు సేత్తావు?”

నాది ఎందుకు పోయిందో రాసుకున్నాను. ఒకటి, తొందర. రెండు, పూత చల్లగా ఉంది. తడిసిన మోటారు తీగచుట్టని కూడా ముందు ఎండబెట్టి, వేడెక్కాకే కరెంటు ఇస్తాం. పూత వేడెక్కితే ఇరుక్కున్న విద్యుత్తు తక్కువ వోల్టేజీకే కదులుతుంది. మనిషి తలని ఎండబెట్టడం కుదరదు గానీ, ఉప్పు కాపడం పెట్టొచ్చు. మా దగ్గర ఉప్పుకేం తక్కువ.

ఆదివారం. తూర్పుగాలి.

ఎరకమ్మ మూకుట్లో రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూట కట్టింది. లోవ గోడకి ఆనుకుని కూర్చుంది. పాప ఆమె ఒళ్ళో ఉంది, కళ్ళు మూసుకుని. ఊపిరి తీస్తోందా లేదా అని ఎరకమ్మ మాటిమాటికీ పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

“మావా, ఒక మాట,” అంది లోవ. “తిరిగినాక నాను మళ్ళీ ఎయ్యమని ఏడిసినా సరే, ఎయ్యకు.”

“ఎయ్యను.”

“నువ్వయితే ఎయ్యవులే. జాలి నేదు కదా నీకు.”

నవ్వించడానికి అన్నట్టుంది. కాదేమో కూడా.

చెవి వెనక కాపడం పెట్టాం. మూట చల్లారితే ఇంకో మూట. చర్మం ఎర్రబడ్డాక మొదటి గీత వెనక్కి పెట్టి, ఆగాను. మళ్ళీ కాపడం. ఇంకో గీత, మళ్ళీ ఆగాను. ముల్లు ఊగింది. నేను తొందరపడలేదు. ఎరకమ్మకి ఓపిక చచ్చి, ఇంకాస్త తిప్పు బావూ అని బతిమాలింది. తిప్పలేదు. కాపడం మార్చమన్నాను.

ముల్లు లోవ తల మీంచి జారి, ఉత్తరం దాకా వెళ్ళి, అక్కడ వణికి ఆగింది. తీగలు తీసేశాను. ముల్లు అక్కడే ఉంది.

లోవ ముఖంలో ఏమీ మారలేదు. పని చెయ్యలేదనుకుని మళ్ళీ తీగలు అందుకున్నాను. అప్పుడు ఆమె చుట్టూ చూసింది, ఏదో పోగొట్టుకున్నదానిలా.

“కొండ ఏడి?” అంది.

ఆమెకి తెలుసు. అయినా నన్నే చూస్తూ మళ్ళీ అడిగింది. “మావా, కొండేడి? ఆడికి అన్నం ఎట్టనేదు నాను.”

తర్వాత వచ్చిన ఏడుపుని ఎలా నమోదు చెయ్యాలో నాకు తెలియదు. తెప్ప మొత్తానికి వినబడింది. ఆమె తల గోడకేసి కొట్టుకోబోతే ఎరకమ్మ అడ్డంగా చెయ్యి పెట్టింది. నా కొండ, నా కొండ అని ఏడుస్తూ నేల మీద అరచేతులతో కొట్టింది. ఒళ్ళోంచి పాప జారిపోతుంటే ఎరకమ్మ పట్టుకుంది. ఆ కుదుపుకి పాప కళ్ళు తెరిచి, పిల్లికూనలా చిన్నగా ఒక మూలుగు మూలిగింది.

లోవ ఏడుపు మధ్యలో ఆగింది. ఆ మూలుగు వైపు తిరిగింది. ఆమె రవిక ముందు భాగం తడిసిపోవడం నేను చూశాను. ఎరకమ్మ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. లోవ పాపని లాక్కుని గుండెలకి అదుముకుంది. పాప మొదట మింగలేక దగ్గింది. తర్వాత మింగింది. లోవ ఏడుస్తూనే ఉంది, పాప తాగుతూనే ఉంది. కన్నీళ్ళు పిల్ల తల మీద పడుతుంటే ఎరకమ్మ కొంగుతో తుడిచింది.

నేను ఉప్పు మూకుడు కడిగి పెట్టాను.

సోమవారం. గాలి తగ్గింది.

పాప పొద్దున్నే ఏడ్చింది. లోవ పరుగెత్తింది. ఎరకమ్మ తక్కెడ తెచ్చింది గానీ తూచకుండానే పక్కన పెట్టేసింది, అక్కర్లేదని.

గుమ్మం ముందు జనం ఉన్నారు. నిన్నటి ఏడుపు విన్నవాళ్ళు. తలుపు తీసేసరికి గంగయ్య భార్య సూరమ్మ ముందు నిలబడి, “మాకూ తిప్పుతావా?” అని అడిగింది. ఎందుకని అడిగాను. తెలియదంది. కొందరు వద్దని చెప్పడానికే వచ్చారు, కానీ వెళ్ళిపోలేదు. పోలిరాజు అందరికంటే వెనక తాడు పేనుతూ నిలబడ్డాడు. గంగయ్యని చూసుకోవడానికి ఇద్దరు మనుషులు దొరికితే ముందు వాళ్ళింటితో మొదలుపెడతానని, తిప్పినవాళ్ళెవరినీ కొన్నాళ్ళు ఒంటరిగా వదలకూడదని చెప్పాను. ఉప్పు ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి.

సాయంత్రం లోవ కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే, పాపతో బడి తెప్ప కట్టి ఉండే చోట కూర్చుని ఉంది. ముఖం ఉబ్బిపోయింది. గొంతు పోయింది. నీళ్ళ దగ్గరగా ఉంది కాబట్టి నేను పక్కనే కూర్చున్నాను. కూర్చోవాలని నిన్ననే నిర్ణయించుకున్నాను.

“మళ్ళీ ఎయ్యమని అడగనులే, బయపడకు,” అంది. అని, నాకు భయం ఉండదని గుర్తొచ్చినట్టుంది, నా చెవి వెనక వేలితో తడిమింది. కాలిన మచ్చ అక్కడుంది.

“నీకేటీ నేదా మావా? కొండ గురించి?”

వెతికాను. వాడి ముఖం గుర్తుంది. కుడికాలి మీద శంఖం గీసుకున్న గాటు గుర్తుంది. నవ్వు కూడా గుర్తుంది. అన్నీ ఉన్నాయి, ఏదీ నొప్పి పుట్టించడం లేదు.

“ఏటీ నేదు,” అన్నాను.

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ.”

ఆమె నీళ్ళ వైపు తిరిగింది. మళ్ళీ ఏడుపు వస్తోందని భుజాలు చూస్తే తెలిసింది.

“అయితే నీ వంతు కూడా నానే ఏడుత్తాను,” అంది. “అందాకా నువ్వు దీన్ని పట్టుకో.”

పాపని నా చేతుల్లో పెట్టింది. తీసుకున్నాను.

“అలాక్కాదు మావా. తలకాయ్ కింద సెయ్యెట్టు.”

పెట్టాను.